డ్రెస్డెన్ మీద వెన్నెల

నార్వేలో పుట్టి, 1818 నుంచి జర్మనీలోని డ్రెస్డెన్‌లో స్థిరపడిన చిత్రకారుడు యోహాన్ క్రిస్టియన్ డాల్. ఆయన 1839లో వెన్నెల రాత్రి ఆ ఊరిని గీశాడు. మబ్బుల నడుమ చంద్రుడు, కింద ఎల్బే నది, అవతలి ఒడ్డున ఫ్రావెన్‌కిర్షే చర్చి గుమ్మటం, నది మీద కమానుల రాతి వంతెన.

1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలైన బాంబు దాడుల్లో ఆ పాత నగరం తగలబడిపోయింది. పాతిక వేల మంది దాకా చనిపోయారని చరిత్రకారుల సంఘం 2010లో తేల్చింది. (నాజీల ప్రచారం రెండు లక్షలంది, ఆ అంకె ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉంది.) గుమ్మటం రెండు రోజులు నిలబడి 15న కూలింది. ఇది తెలిశాక బొమ్మలో ఉన్నదంతా బాంబుల పాలైందనే అనిపిస్తుంది.

మన బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి కదా, నా చూపు వంతెన మీదికి పోతుంది. దాన్ని బాంబులు కూల్చలేదు. 1813లో నెపోలియన్ సేనాని దావూ కొంత పేల్చేస్తే మళ్ళీ బాగుచేశారు. డాల్ గీసింది ఆ అతుకుల వంతెననే! పెరిగిన రాకపోకలకు, పడవలకు అది చాలక, 1907-1910 మధ్య ఊరివాళ్ళే దాన్ని పడగొట్టి కొత్తది కట్టుకున్నారు.

చర్చిని మాత్రం 1994లో మొదలుపెట్టి 2005కల్లా మళ్ళీ నిలబెట్టారు. శిథిలాల్లోంచి ఏరిన నల్లని పాత రాళ్ళు కొత్త గోడల్లో మచ్చల్లా కనిపిస్తాయి. పాత వంతెన తిరిగి రాలేదు. ఆ కమానులు చూడాలంటే డాల్ బొమ్మ దగ్గరికే వెళ్ళాలి. అది డ్రెస్డెన్ మ్యూజియంలోనే ఉంది.