ప్రెసిడెన్సీ కళాశాల మెట్లపై

కలకత్తా నగరమున 1817లో వెలసిన హిందూ కళాశాల 1855లో ప్రెసిడెన్సీ కళాశాలగా మారి, మతభేదము పాటింపక విద్యార్థుల కెల్లరకును ద్వారములు తెఱచెను. కాని ఆచార్యుల విషయమున ఆ సమత్వము కానరాలేదు. 1885లో జగదీశచంద్ర బోస్ భౌతికశాస్త్ర మును బోధింప నియుక్తుడైనపుడు, ఐరోపీయుల కిచ్చు వేతనమున మూడవవంతు మాత్రమే ఆయనకు నిర్ణయింపబడెను. ఆయన మూడేండ్లు జీతము ముట్టక పాఠములు చెప్పెను. తుదకు ప్రభుత్వము పూర్తి వేతనమును వెనుకటి బాకీతో చెల్లించెను.

ఒక్కని పట్టుదలకు లొంగిన ప్రభుత్వము పద్ధతిని మాత్రము విడువలేదు. 1896లో విద్యాశాఖ రెండు శ్రేణులుగా విభజింపబడెను. ఇంగ్లండున ఎన్నుకొనబడువారికి ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసు, దేశీయులకు సాధారణముగా ప్రాంతీయ సర్వీసు. ఎడింబరోలో డాక్టరు పట్టమందిన ప్రఫుల్లచంద్ర రాయ్ సైతము చిరకాలము క్రింది శ్రేణియందే ఉండవలసి వచ్చెను. ఇది కేవలము జీతపు పట్టికలకు సంబంధించిన విషయమని తోచవచ్చును. దాని అర్థమేమో విద్యార్థులకు 1916లో తెలియవచ్చెను.

ఆ యేడు జనవరి 10వ తేదీన, చరిత్రాచార్యుడగు ఇ. ఎఫ్. ఓటెన్ తన తరగతిగది ప్రక్కనున్న నడవలో అలజడి చేయుచున్నారని కొందఱు విద్యార్థులపై చేయి చేసికొనెను. వారి తరగతి ప్రతినిధి పదునెనిమిదేండ్ల సుభాస్ చంద్ర బోస్. అతడు ప్రిన్సిపాల్ హెచ్. ఆర్. జేమ్సును దర్శించి, ఆచార్యుడు క్షమాపణ చెప్పవలెనని కోరెను. ఓటెన్ ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసుకు చెందినవాడగుటచే తాను నిర్బంధింపజాలనని ప్రిన్సిపాల్ ఉత్తర మిచ్చెను. ఇరువది యేండ్ల క్రిందట కాగితముపై గీచిన గీత విద్యార్థులకు న్యాయము దొరకకుండ అడ్డు నిలిచినది.

మఱునాడు విద్యార్థులు సమ్మె చేసిరి. ఓటెన్ వారి ప్రతినిధులతో మాటలాడి సమాధానపడెను. కాని సమ్మెకై విధించిన జుల్మానా మాత్రము రద్దు కాలేదు. సుమారొక నెల గడచిన పిదప అతడు మరల ఒక విద్యార్థిపై చేయి చేసికొనెనను వార్త పుట్టెను. ఫిబ్రవరి 15వ తేదీన కొందఱు విద్యార్థులు మెట్లకడ పొంచియుండి అతనిని కొట్టిరి.

పిమ్మట పరిణామములు త్వరితముగా నడచెను. ప్రభుత్వము కళాశాలను మూయించి, ఆశుతోష్ ముఖర్జీ అధ్యక్షతన విచారణసంఘమును నియమించెను. ప్రభుత్వ విద్యాసభ్యునితో ఘర్షణపడిన ప్రిన్సిపాల్ జేమ్సు సైతము పదవినుండి తొలగింపబడెను. సుభాస్, అనంగమోహన్ దామ్ కళాశాలనుండి బహిష్కృతులైరి. తాను దాడిని కన్నులార చూచితినని సుభాస్ 1937లో రచించిన ఆత్మకథలో చెప్పెనే గాని, తాను కొట్టితినని చెప్పలేదు.

విచారణసంఘము ఆ దాడి సమంజసమేనా యని అతని నడిగెను. సమంజసము కాదనియు, అయినను విద్యార్థులు తీవ్రముగా రెచ్చగొట్టబడిరనియు అతడు పలికి, కళాశాలలో ఆంగ్లేయుల దుష్ప్రవర్తనమును వరుసగా వివరించెను. ఖండించి ఊరకుండినచో తనకు మేలు కలిగెడిదని అతడెఱుగును. అయినను సగము సత్యము చెప్పి శిక్ష తప్పించుకొన నొల్లడయ్యెను.

రవీంద్రనాథ్ ఠాకూర్ ఆ యేడే వంగభాషలోను ఆంగ్లమునను ఈ విషయమై వ్యాసములు రచించెను. యౌవనమున ఆత్మగౌరవము మిక్కిలి సుకుమారమైనదనియు, దానిని తృణీకరించువాడు గురుత్వమునకు అర్హుడు కాడనియు ఆయన అభిప్రాయము. ఆయన దృష్టిలో ఇది కేవలము క్రమశిక్షణ సమస్య కాదు, గురుశిష్యుల నడుమ ప్రేమ లోపించిన సమస్య.

సుభాస్ కటకమునకు మరలిపోయెను. 1917లో ఆశుతోషుని అనుగ్రహమున స్కాటిష్ చర్చి కళాశాలలో చేరి, 1919లో తత్త్వశాస్త్రమున ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. 1921లో ఐ.సి.ఎస్. ఉద్యోగమును తానే విడిచెను. దెబ్బలు తిన్న ఓటెన్, 1945లో సుభాస్ మరణవార్త వెలువడిన పిదప, అతనిని శ్లాఘించుచు ఒక పద్యము వ్రాసెను. మెట్లమీది కొన్ని నిమిషముల దౌర్జన్యమును విచారించుటకు సంఘము వెంటనే ఏర్పడినది. ముప్పది యేండ్లుగా జీతపు పట్టికలలో సాగిన అవమానమును విచారించుట కట్టి త్వర కానరాలేదు. ఆ రెంటిని కలిపి చెప్పుటయే ఆనాడు సుభాస్ చేసిన పని.