మేనేజరును తీసేసే హక్కు ఎవరిది?

అమెరికా పట్టణాల్లో సిటీ మేనేజరు అనే ఉద్యోగం పుట్టిన తీరును నిపుణుల పాలన గెలిచిన కథగా చెప్పడం వాడుక. రాజకీయులు పాడుచేసిన ఊళ్లను ఇంజనీర్లు వచ్చి చక్కదిద్దారన్నది దాని సారాంశం. అందులో కొంత నిజముంది. కానీ పట్టణాలు అంతకు ముందూ ఇంజనీర్లను జీతమిచ్చి పెట్టుకున్నాయి. వాళ్లను నియమించేదెవరు, తొలగించేదెవరు అన్న ఏర్పాటు మాత్రం కొత్తది. ఒక ఉద్యోగికి ఊరి పాలన మొత్తం అప్పగించవచ్చా అన్న ప్రశ్నకు, ఎన్నికైన సభ అతణ్ణి ఎంత తేలిగ్గా ఇంటికి పంపగలదన్న దాన్నిబట్టే జవాబు చెప్పాలని ఆ చరిత్ర చూపిస్తుంది.

వర్జీనియాలోని స్టాంటన్ పట్టణం 1908లో ఛార్లెస్ ఆష్‌బర్నర్ అనే ఇంజనీరును జనరల్ మేనేజరుగా పెట్టుకుంది. మేయరూ రెండు సభల కౌన్సిలూ ఎప్పటిలాగే ఉన్నాయి. రోజువారీ పనులు మాత్రం మేనేజరు చేతికి వచ్చాయి. అప్పటికి దేశంలో మోజు మరో పద్ధతి మీద ఉంది. 1900 నాటి తుపానుకు నేలమట్టమైన గాల్వెస్టన్, పాలనను ఐదుగురు కమిషనర్లకు అప్పగించింది. ఒక్కొక్కరు ఒక్కో శాఖకు పెద్ద, అందరూ కలిస్తే సభ. పునర్నిర్మాణం వేగంగా సాగింది గానీ, ఎవరి శాఖ వాళ్ల సొంత కొలువైనప్పుడు ఒకరి లెక్కలు మరొకరు నిలదీసేందుకు కారణం లేకపోయింది. సంస్కర్త రిచర్డ్ చైల్డ్స్ ఈ లోపాన్ని పట్టుకున్నాడు. కమిషనర్లు సభగానే ఉండాలి, శాఖలన్నీ వాళ్లు పెట్టుకున్న ఒకే మేనేజరు కింద నడవాలి అన్నాడు. దక్షిణ కరోలినాలోని సమ్‌టర్ 1912లో ఈ పద్ధతిని ఒప్పుకుని, మేనేజరు కోసం పత్రికా ప్రకటన ఇచ్చింది.

1913 మార్చి వరదలో మునిగిన డేటన్ నగరంతో ఈ పద్ధతికి పేరొచ్చింది. ఆ ఏడాదే కొత్త చార్టరుకు ఓటేసి, 1914లో హెన్రీ వెయిట్ అనే ఇంజనీరును పొరుగు నగరం సిన్సినాటీ నుంచి తెచ్చుకుంది. అధికారుల నియామకం, బడ్జెట్ తయారీ అతని పని. 1915లో నేషనల్ మునిసిపల్ లీగ్ అనే సంస్కర్తల సంస్థ తన నమూనా చార్టరులో ఈ ఏర్పాటుకు స్పష్టమైన రూపమిచ్చింది. మేనేజరును పాలనా సామర్థ్యం చూసే ఎంచుకోవాలి, స్థానికుడే కానక్కరలేదు. పదవికి గడువు ఉండదు, కౌన్సిల్ ఎప్పుడైనా తొలగించవచ్చు. ఆరు నెలల సర్వీసు దాటితే అతను రాతపూర్వక ఆరోపణలూ బహిరంగ విచారణా కోరవచ్చు, కానీ ఆ లోపు కౌన్సిల్ సస్పెండు చేయవచ్చు. విచారణ హక్కుంది గానీ కుర్చీకి భరోసా లేదు. తొలగింపు కారణం జనం ముందు చెప్పాల్సి రావడం కౌన్సిల్‌కు కళ్లెం, తొలగింపు ఆగకపోవడం మేనేజరుకు కళ్లెం.

ఇలాంటి మేనేజరు పార్టీ నాయకుల చేతిలో కీలుబొమ్మ కాడా అన్నది బలమైన అభ్యంతరం, దానికి సాక్ష్యాలూ ఉన్నాయి. 1926లో కాన్సస్ సిటీ కౌన్సిల్‌లో మెజారిటీ టామ్ పెండర్‌గాస్ట్ అనే రాజకీయ పెత్తందారు మనుషులది. వాళ్లు మేనేజరుగా ఎంచుకున్న హెన్రీ మెకెల్‌రాయ్ పదమూడేళ్లు ఆయన మాట జవదాటకుండా నడిచాడు. నగర నిర్మాణాలకు పెండర్‌గాస్ట్ కంపెనీ కాంక్రీటు వెళ్లింది, లోటును లెక్కల్లో దాచారు. క్లీవ్‌లాండ్‌లో రెండు పార్టీల నాయకులు కుమ్మక్కై విలియం హాప్‌కిన్స్‌ను ఎంచుకున్నారు. చెప్పినట్టు వినడం మానేశాక 1930లో కౌన్సిల్ చేతే తీసేయించారు. మరుసటి ఏడాది ఓటర్లు మేనేజరు పద్ధతినే రద్దు చేసుకున్నారు. అయితే కాన్సస్ సిటీ కథ అక్కడితో అయిపోలేదు. 1939లో పెండర్‌గాస్ట్ పన్ను ఎగవేత కేసులో జైలుకెళ్లాడు, మెకెల్‌రాయ్ రాజీనామా చేశాడు. 1940లో ఓటర్లు కొత్త కౌన్సిల్‌ను ఎన్నుకుంటే, అది ఎల్.పి. కుకింగ్‌హామ్‌ను తెచ్చుకుంది. ఆయన 1959 దాకా పనిచేసి మంచి పాలకుడని పేరు తెచ్చుకున్నాడు. ఊరు మేనేజరు పద్ధతిని వదులుకోలేదు, మారింది సభ. ఈ పద్ధతి చెడు కౌన్సిల్ నుంచి ఊరిని కాపాడలేదన్నది ఒప్పుకోవాల్సిందే. కానీ తప్పు ఎక్కడ దిద్దాలో ఓటరుకు కనబడుతుంది, దిద్దే సాధనమూ అతని చేతిలోనే ఉంటుంది.

భద్రత లేని కుర్చీకి సమర్థులు వస్తారా అన్నది రెండో అభ్యంతరం. ఆష్‌బర్నర్ స్టాంటన్ నుంచి ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు, తర్వాత నార్ఫోక్‌కు, ఆపైన కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌కు మేనేజరుగా వెళ్లాడు. ఒక ఊరు వద్దన్నా మరో ఊరు పిలుస్తుందన్న నమ్మకమే అలాంటివాళ్ల భద్రత. మేనేజర్లు 1914లో సంఘం కట్టుకుని, 1924లో నైతిక నియమావళి రాసుకోవడం వల్ల ఆ నమ్మకానికి పునాది పడింది.

మన నగరాల్లోనూ మునిసిపల్ కమిషనరు అనే అధికారి చేతిలో ఇలాంటి అధికారాలే ఉన్నాయి. 1888 బొంబాయి చట్టం కమిషనరును నియమించే పని ప్రభుత్వానికిచ్చి, ఎనిమిదింట ఐదు వంతుల సభ్యులు కోరితే తొలగించక తప్పదంది. వారసుణ్ణి ఎంచుకునే హక్కు మాత్రం సభకివ్వలేదు. హైదరాబాద్ కమిషనరును నియమించేదీ రాష్ట్ర ప్రభుత్వమే. అధికారి ఎవరి సంతకంతో వచ్చి ఎవరి సంతకంతో బదిలీ అవుతాడో వాళ్లకే జవాబు చెబుతాడు, అందులో అతని తప్పేమీ లేదు. వీధి దీపం వెలగనప్పుడు జనం నిలదీసేది కార్పొరేటర్‌నైతే, కమిషనరును ఎంచుకునే, పంపే హక్కులో కార్పొరేటర్‌కూ వాటా ఉండాలి. అది లేనంతకాలం ఎన్నికల్లో ఓడిపోయేది ఒకరు, పాలించేది మరొకరు.