ప్రత్యర్థి: కోర్టు నుంచి కోర్టుకు

నందిగామ టీకొట్టు దగ్గర ఆట ముచ్చటొస్తే, 'ఈసారి అవతలోళ్లెవరు?' అంటారు. అదే పేపర్లో 'ప్రత్యర్థి' అవుతుంది. 'అర్థి' అంటే కోరేవాడు. విద్య కోరితే విద్యార్థి, శరణు కోరితే శరణార్థి. పాత ధర్మశాస్త్రాల్లో వ్యాజ్యం తెచ్చినవాడు అర్థి, దానికి జవాబు చెప్పుకోవాల్సినవాడు ప్రత్యర్థి. ఇప్పుడు న్యాయస్థానంలో వాళ్లు వాది, ప్రతివాది. ఆ కోర్టు వదిలిన మాటను ఆటల కోర్టు అందుకుంది. ఉదాహరణకు, మనవాళ్లు ఎందరో స్థిరపడ్డ డల్లాస్‌లో బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్. 2024 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో దాని ప్రత్యర్థి బోస్టన్ సెల్టిక్స్. 4-1తో సెల్టిక్స్ గెలిచింది. నిజానికి అక్కడ ఇద్దరూ అర్థులే. కోరిన కప్పు మాత్రం ఒక్కటే.