ఓడిన గిరి గారు గవర్నరయ్యారు, గెలిచిన సూరిదొర గారు ఏమిచ్చారు?



అడ్మిషన్లు మొదలైతే చాలు, మనలో ఎవరో ఒకరికి ఈ మాట తగులుతుంది. "మీకు మీ కోటా ఉంది కదా, ఓపెన్ సీటుకి ఎందుకొచ్చారు?" చాలాసార్లు ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాం. ఇదే ప్రశ్న 1957 ఎన్నికల తర్వాత మన పార్వతీపురం నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వేసినాయన చిన్న మనిషి కాదు, వరాహగిరి వెంకటగిరి, అంటే వి.వి. గిరి గారు.

ముందు ఆయన సంగతి. 1894లో బరంపురంలో పుట్టారు. ఐర్లండులో లా చదివారు, తిరిగొచ్చి రైల్వే కార్మికుల సంఘాల్లో పనిచేశారు. తర్వాత మద్రాసు శాసనసభ ఎన్నికల్లో ఏకంగా బొబ్బిలి రాజాని ఓడించి రాజాజీ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ గారి దగ్గర కార్మిక మంత్రిగా చేశారు. బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయంలో ప్రభుత్వంతో పడక 1954లో రాజీనామా ఇచ్చేశారు. పదవి కన్నా మాట ముఖ్యమనుకున్న మనిషి. ఆ గౌరవం మనం ఇవ్వాల్సిందే.

1957లో ఆయన పార్వతీపురం నుంచి కాంగ్రెస్ తరఫున నిలబడ్డారు. అప్పటికి విజయనగరం జిల్లా లేదు, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. అంటే ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు ఎంపీలు, ఒక్కో ఓటరుకి రెండు ఓట్లు. ఒక సీటు ఎస్టీలకు రిజర్వు, రెండోది జనరల్.

లెక్కింపు పద్ధతి ఇలా ఉండేది. ముందు ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వు సీటు ఇస్తారు. తర్వాత మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారికి జనరల్ సీటు. రిజర్వు సీటు బిడ్డిక సత్యనారాయణ గారికి వచ్చింది. మిగిలినవారిలో పైన నిలిచింది దిప్పల సూరిదొర గారు. ఆయనా గిరిజనుడే, మూకదొర. గిరి గారు వెయ్యి ఓట్ల లోపు తేడాతో ఓడిపోయారు. రెండు సీట్లూ మనవాళ్లకే వచ్చాయి!

గిరి గారు కేసు వేశారు. ఆయన వాదనలు ముఖ్యంగా రెండు. ఒకటి, సూరిదొర కుటుంబం క్షత్రియులమని చెప్పుకుంటోంది, ఆ ఆచారాలే పాటిస్తోంది, కాబట్టి ఆయన ఇప్పుడు గిరిజనుడు కాదు. రెండు, గిరిజనుడే అనుకున్నా, రిజర్వు సీటుకి అని నామినేషన్ వేసిన మనిషి జనరల్ సీటు ఎలా తీసుకుంటాడు?

1959లో సుప్రీంకోర్టు రెండింటినీ తోసిపుచ్చింది. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ గజేంద్రగడ్కర్. మనిషి తనంతట తాను పై కులం అని చెప్పుకున్నంత మాత్రాన పుట్టిన తెగ పోదు, ఆ పై కులం వాళ్లు ఒప్పుకున్నారా అన్నది కూడా చూడాలి అన్నారు. రెండోదానికి జవాబు ఇంకా సూటిగా ఉంది. ఎన్నిక ఒక్కటే. ఎస్టీనని రాసిచ్చేది రిజర్వు సీటుకి అర్హత కోసం. దానివల్ల జనరల్ సీటు మీద హక్కు పోదు.

ఇది ఎన్నికల కేసు, అడ్మిషన్ల కేసు కాదు. అయినా లోపలున్న న్యాయం ఒకటే. రిజర్వేషన్ మన వాటా పోకుండా వేసిన గట్టు. మనల్ని లోపల ఉంచడానికి కట్టిన కంచె కాదు. తర్వాత 1961లో చట్టం చేసి ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే తీసేశారు. తీర్పులోని మాట మాత్రం నిలిచింది.

మరి ఓడిన గిరి గారు? కేసు నడుస్తుండగానే, 1957లోనే, ఉత్తరప్రదేశ్ గవర్నర్ అయ్యారు. తర్వాత కేరళ, మైసూరు. 1967లో ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి. మన దేశంలో గవర్నర్‌కి ఎన్నిక ఉండదు, రాష్ట్రపతి నియమిస్తారు. జనం ఓటుతో ఓడిన మనిషికి ఆ తలుపు తెరుచుకునే ఉంటుంది.

ఆ పదవితో మనకేం పని అనుకోవద్దు. రాజ్యాంగం అయిదో షెడ్యూల్ ప్రకారం, మన ఏజెన్సీలో ఏ చట్టం అమలు కావాలో, ఏది మార్చాలో చెప్పే అధికారం గవర్నర్‌ది. ద్రౌపది ముర్ము గారు 2014లో ఒడిశా అసెంబ్లీకి పోటీచేసి ఓడిపోయారు. 2015లో జార్ఖండ్ గవర్నర్ అయ్యారు. అక్కడ ఆదివాసీల భూమి చట్టాలను సడలించే బిల్లులు వస్తే 2017లో సంతకం పెట్టకుండా వెనక్కి పంపారు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది మన పొలం గట్టు దాకా వచ్చే విషయం.

గిరి గారి పేరు ప్రతి జీకే పుస్తకంలో ఉంటుంది, సూరిదొర గారి పేరు ఉండదు. మన ఊళ్లల్లో తాతలు, అవ్వలు ఇంకా ఉన్నారు. పండక్కి ఇంటికెళ్లినప్పుడు ఆ ఎన్నిక సంగతి అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. ఈసారి ఎవరైనా "ఓపెన్ సీటుకి ఎందుకొచ్చారు?" అంటే మాత్రం తలొంచుకోవద్దు. పార్వతీపురం పేరు చెప్పండి.