మా డబ్బు, మా లెక్క: చీరాల నుంచి కోట్‌కిరానా దాకా



ఈ పాఠంలో మనం రెండు ఊళ్లకు వెళ్దాం. ఒకటి బంగాళాఖాతం ఒడ్డుకు దగ్గరలో ఉన్న చీరాల. రెండోది రాజస్థాన్‌లో ఆరావళి కొండల మధ్య ఉన్న కోట్‌కిరానా. వీటి మధ్య దూరమే కాదు, కాలం కూడా చాలా ఉంది. మొదటి కథ 1919లో మొదలవుతుంది, రెండోది 1994లో. ఒకచోట జనం పన్ను కట్టబోమన్నారు. ఇంకోచోట తమ పేరు మీద ఖర్చయిన డబ్బుకు లెక్క చూపించమన్నారు.

సైన్సు చెప్పే మాస్టారికి చరిత్రతో పనేమిటని మీకు అనిపించవచ్చు. భౌతికశాస్త్రంలో శక్తి నిత్యత్వ నియమం చదువుకున్నారు కదా. శక్తి ఎక్కడికీ మాయం కాదు, రూపం మారుతుంది, అంతే. ప్రజల రూపాయి కూడా అలాంటిదే. రోడ్డుగానో, జీతంగానో, దీపంగానో అది ఎక్కడో ఒకచోట కనబడాలి. కనబడకపోతే ఎవరి జేబులోకో పోయినట్టే. ఈ చిన్న లెక్కను గట్టిగా పట్టుకున్న మామూలు మనుషుల చరిత్ర ఇది.

ముందుగా నేపథ్యం కొంచెం చూద్దాం. బ్రిటిష్ పాలనలో స్థానిక సంస్థలకు ఒక రూపం ఇచ్చింది 1882 నాటి రిప్పన్ తీర్మానం. ఊరి పనులు ఊరివాళ్లే చూసుకోవాలన్నది పైకి చెప్పిన ఉద్దేశం. ఆ పనులకు కావలసిన డబ్బు ఊళ్లోనే వసూలు చేసుకోవాలన్నది దాంతోపాటు వచ్చిన షరతు. అధికారం చిటికెడు, పన్ను గంపెడు అన్నమాట.

చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న ఊళ్లు. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేవి. తర్వాత 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి చీరాల వచ్చింది. నేత నేసేవాళ్లు, చిన్న వ్యాపారులు, కూలి చేసుకునేవాళ్లు ఎక్కువగా ఉన్న చోటు అది. అక్కడ అంతకుముందు ఉన్నది ‘యూనియన్’ అనే చిన్నపాటి స్థానిక సంస్థ. దాని పన్నుల ఆదాయం ఏడాదికి సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల పేరాలను మున్సిపాలిటీగా మార్చింది. దాంతో పన్నుల మొత్తం సుమారు 40,000 రూపాయలకు చేరింది.

పెన్సిలు తీయండి. జనాభా దాదాపు 15,000. అయిదుగురున్న కుటుంబానికి పాత పన్ను సగటున ఒక రూపాయి అయిదణాలు పడుతుంది. కొత్త పన్ను 13 రూపాయల అయిదణాలు. నిజానికి అందరి మీదా సమానంగా పడదు, ఇది సగటు మాత్రమే. అయినా మగ్గం మీద బతికే ఇంట్లో ఈ పెంపు ఎలా తగిలి ఉంటుందో ఊహించవచ్చు. ఆదాయం పదిరెట్లు పెరగలేదు. సౌకర్యాలు పదిరెట్లు పెరుగుతాయని వాళ్లకు నమ్మకమూ లేదు.

మొదట వాళ్లు చేసింది చాలా సాధారణమైన పని. అర్జీలు పెట్టుకున్నారు. మాకు మున్సిపాలిటీ వద్దు, పాత యూనియనే ఉంచండని అడిగారు. ఫలితం లేకపోయింది. అప్పుడు ముందుకు వచ్చిన నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పుట్టిన ఈయన ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి వచ్చినవారు. గొప్ప వక్త, కళాప్రియుడు. ‘రామదండు’ పేరుతో క్రమశిక్షణ గల సేవాదళాన్ని తయారుచేశారు. ‘ఆంధ్రరత్న’ అన్న బిరుదు ఆయనదే. ఆయన నాయకత్వంలో ప్రజలు పన్ను కట్టడం మానేశారు. కేసులు పెట్టారు, శిక్షలు వేశారు. జైలుకు వెళ్లినవారిలో రావూరి అలమేలమ్మ అనే మహిళ కూడా ఉన్నారు. పాఠ్యపుస్తకాల్లో గోపాలకృష్ణయ్యగారి బొమ్మ కనిపిస్తుంది కానీ ఈమె పేరు చాలామందికి తెలియదు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. దానికి వచ్చిన గాంధీజీ ఏప్రిల్‌లోనే చీరాల వెళ్లారు. ఆయన రెండు దారులు చూపించారు. పన్ను నిరాకరించి, వచ్చిన శిక్షను అహింసతో భరించడం ఒకటి. మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. ఊళ్లో మనుషులే లేకపోతే మున్సిపాలిటీ ఎవరికి? అయితే ఇది మీ సొంత బాధ్యత మీద చేయవలసిన పని, కాంగ్రెస్ నిధుల మీద ఆశ పెట్టుకోవద్దని కూడా ఆయన చెప్పారు. ఈ రెండో మాటను మనం అంతగా గుర్తుపెట్టుకోం. కథ ముగింపుకు కారణాల్లో ఒకటి మాత్రం అందులోనే ఉంది.

చీరాల ప్రజలు రెండో దారి ఎంచుకున్నారు. దాదాపు 15,000 మందిలో 13,000 మందికి పైగా ఇళ్లు వదిలి హద్దు అవతల పాకలు వేసుకున్నారు. కోస్తాలో ఎండలు మండిపోయే రోజులవి. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. తగవులు తీర్చడానికి సొంత పంచాయతీ ఏర్పాటు చేసుకున్నారు. మీ వీధిలోవాళ్లంతా ఒక్కసారిగా ఇళ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లను, పసిపిల్లలను, పశువులను తోలుకుని వెళ్లిపోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. మగ్గం గుంటలో పాతుకుని ఉంటుంది. దాన్ని ఊడదీసి మరోచోట నిలబెట్టడం అంటే నేతగాడికి కొన్ని రోజుల కూలి పోయినట్టే.

అలా సుమారు 11 నెలలు గడిపారు. ఎండ, వాన, చలి అన్నీ ఆ పాకల్లోనే. ప్రభుత్వం దిగిరాలేదు. 1921 అక్టోబరులో నిషేధాజ్ఞలు ఉల్లంఘించి బరంపురంలో మాట్లాడినందుకు గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి ఏడాది జైలుశిక్ష వేశారు. నాయకుడు లేడు, చేతిలో డబ్బు లేదు. 1922లో ప్రజలు తిరిగి ఇళ్లకు చేరారు. మున్సిపాలిటీ అలాగే ఉండిపోయింది. గోపాలకృష్ణయ్య క్షయవ్యాధితో 1928లో మరణించారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఈ ఉద్యమం ఓడిపోయిందని రాయడానికి మన పుస్తకాలు మొహమాటపడతాయి. ‘స్ఫూర్తినిచ్చింది’ అని ఒక మాట అనేసి దాటిపోతాయి. ఓడిపోయింది నిజమే. ఎందుకు ఓడిపోయిందో చూడటం మనకు ఎక్కువ ఉపయోగం. పరాయి ప్రభుత్వం కింద ఆ జనానికి అర్జీ పెట్టుకోవడం, లేదా వెళ్లిపోవడం, ఈ రెండే మిగిలాయి. 40,000 రూపాయలు దేనికి, ఏ పద్దు కింద ఎంత, ఎవరు నిర్ణయించారు అని కూర్చోబెట్టి అడిగే చట్టబద్ధమైన మార్గం వాళ్ల చేతిలో లేదు. ఆ మరుసటి ఏడాదే, 1923లో, అధికార రహస్యాల చట్టం వచ్చింది. ప్రభుత్వ కాగితం ప్రజలకు చూపించేది కాదన్న అలవాటు దాంతో మరింత గట్టిపడింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇక్కడే రెండో ఊరు వస్తుంది.

రాజస్థాన్‌లో 2023కు ముందు రాజ్‌సమంద్, పాలి, అజ్మీర్ జిల్లాలు కలిసిన మెట్ట ప్రాంతంలో వానలు తక్కువ. కరువు వచ్చినప్పుడల్లా ప్రభుత్వం రోడ్లు, చెరువు పనులు పెడుతుంది. 1987లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ అక్కడి దేవ్‌డుంగ్రీ గ్రామంలో మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. అరుణా రాయ్ అంతకుముందు ఐ.ఏ.ఎస్. ఉద్యోగం వదిలేసి వచ్చినవారు. శంకర్ సింగ్ తోలుబొమ్మలతో, పాటలతో ఎంతటి సభనైనా కూర్చోబెట్టగలరు. 1990 మే 1న కూలీలు, చిన్న రైతులతో కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌ను స్థాపించారు.

మొదటి గొడవ కనీస వేతనం గురించి. కరువు పనుల్లో కూలి కొలతను బట్టి ఇస్తారు. తవ్విన మట్టిని ఇంజనీరు కొలిచి పుస్తకంలో రాస్తాడు. మీరు తక్కువ పని చేశారు కాబట్టి తక్కువ కూలి అని చెప్పేవారు. మేం చేసిన పని ఇంతే అని ఎక్కడ రాశారో చూపించండి అంటే, మస్టరు రోలు ప్రభుత్వ కాగితం, చూపించం అనేవారు. సైన్సు విద్యార్థులుగా మీరు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కొలిచేది ఒకరు, రాసేది వారే, చూసేది కూడా వారే. ఇంకొకరు సరిచూడటానికి వీల్లేని కొలతను మీ ప్రయోగశాలలో ఎవరైనా ఒప్పుకుంటారా?

కొందరు అధికారుల సహకారంతో కొన్ని కాగితాలు చేతికొచ్చాయి. 1994 డిసెంబరు 2న కోట్‌కిరానాలో మొదటి జన్ సున్‌వాయీ, అంటే ప్రజా విచారణ జరిగింది. షామియానా వేశారు, మైకు పెట్టారు, బయటినుంచి తటస్థులైన పెద్దలను పిలిచారు, అధికారులకూ ఆహ్వానం పంపారు. తర్వాత చేసిందల్లా ఒక్కటే. మస్టరు రోళ్లను, బిల్లులను పైకి చదివారు. ఫలానావాడు ఇన్ని రోజులు పనిచేశాడు, ఇంత తీసుకున్నాడు అని చదవగానే ఆ మనిషి జనంలోంచి లేచి, నేనసలు ఆ పనికే పోలేదన్నాడు. చనిపోయినవాళ్లు కూడా కూలి తీసుకున్నట్టు రాసి ఉంది. పూర్తయ్యాయని రాసిన కట్టడాలు అసంపూర్తిగా కళ్లెదుటే ఉన్నాయి. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే భీమ్, విజయ్‌పురా, జవాజా, థానాలలో ఇలాంటి విచారణలు జరిగాయి.

ఇది అందరికీ నచ్చలేదు. రికార్డులు చూపించబోమని గ్రామసేవకులు సమ్మెకు దిగారు. 1995 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి భైరాన్‌సింగ్ షెకావత్ శాసనసభలో పంచాయతీ ఖర్చుల కాగితాల నకళ్లు ప్రజలకు ఇస్తామని ప్రకటించారు. ప్రకటన వచ్చింది కానీ ఉత్తర్వు రాలేదు. ఏడాది చూసి, 1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్టణంలో ధర్నాకు కూర్చున్నారు. 40 రోజులు సాగింది. పల్లెల నుంచి వంతులవారీగా వచ్చారు, ధాన్యం తెచ్చారు. పట్నంవాళ్లు కూరగాయలు, చందాలు ఇచ్చారు. చీరాలలో లేనిది ఇక్కడ ఉన్నది ఇదేనని నాకు అనిపిస్తుంది. ఊరు ఖాళీ చేయలేదు, ఇంటి పని ఆగలేదు, ఎవరికి వీలైనన్ని రోజులు వాళ్లు కూర్చున్నారు. ‘మా డబ్బు, మా లెక్క’ అన్న నినాదం ఆ రోజుల్లోనే వ్యాపించింది. నా కొడుక్కి పది రూపాయలిచ్చి బజారుకు పంపితే తిరిగొచ్చాక లెక్క అడుగుతాను, నా పేరున కోట్లు ఖర్చుపెట్టే సర్కారును అడగకూడదా అని ఆ ఉద్యమంలోని ఒక పల్లెటూరి మహిళ ఢిల్లీ పత్రికలవాళ్ల ముందు అన్న మాట దేశమంతా పాకింది.

1997లో జైపూర్‌లో మరో ధర్నా, ఈసారి 53 రోజులు. చివరికి ప్రభుత్వం ఒక వింత సంగతి బయటపెట్టింది. పంచాయతీ రికార్డుల నకళ్లు పొందే హక్కును ఆర్నెల్ల కిందటే గెజెట్‌లో ప్రకటించేశామని చెప్పింది. సమాచార హక్కును ఇచ్చిన సమాచారమే రహస్యంగా ఉండిపోయింది! 2000లో రాజస్థాన్ సమాచార హక్కు చట్టం, 2005లో దేశమంతటికీ సమాచార హక్కు చట్టం వచ్చాయి. కేంద్ర చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది.

ఇతర ప్రాంతాల్లోనూ ఇలాంటి ప్రయత్నాలు సాగాయి. కేరళ 1996లో ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చి, ఏ పని ముందు చేయాలో గ్రామసభల్లో చర్చించమంది. బెంగుళూరులో 2002లో కొన్ని పౌరసంస్థలు నగరపాలక సంస్థ లెక్కలను మూడు నెలలకోసారి బహిరంగ చర్చకు తెచ్చాయి.

ఆ కొండల్లోని షామియానా మళ్లీ తెలుగు నేలకే వచ్చింది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆ చట్టం గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరగాలంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే దీన్ని పద్ధతి ప్రకారం మొదలుపెట్టింది. రాజస్థాన్ కార్యకర్తలు వచ్చి శిక్షణ ఇచ్చారు. కూలి కుటుంబాల్లోని చదువుకున్న యువతీయువకులు ఇంటింటికీ వెళ్లి జాబ్‌కార్డు, పాసుపుస్తకం, మస్టరు పక్కపక్కన పెట్టి సరిచూశారు. ఆ తర్వాత మండల కేంద్రంలో అందరి ముందూ చదివారు. 2009లో దీనికోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. తేడాలు బయటపడ్డాయి, కొంతమంది మీద చర్యలు తీసుకున్నారు. అయితే తేలిన మొత్తంలో తిరిగి వసూలైంది తక్కువే. కొలత సరిగ్గా వచ్చినా మరమ్మతు జరగకపోవచ్చునని ఇక్కడ తెలుస్తుంది.

ఇక మీకు ఒక అభ్యాసం. ఇంట్లో పెద్దవాళ్లనడిగి ఇంటిపన్ను రశీదు చూడండి. దానిలో గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు ఉంటుంది. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు. స్థానిక సంస్థ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీ పంచాయతీ లేదా మున్సిపాలిటీ పోయిన ఏడాది ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అన్న రెండు అంకెలు కోరుతూ తెల్ల కాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాయవచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చాక మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి, చివరిసారి కొత్త పుస్తకాలు ఎప్పుడు కొన్నారో అక్కడి రిజిస్టరులో చూడండి. ఆ తేదీని, ఈ రెండు అంకెలను ఒకే కాగితం మీద రాసి తరగతికి తీసుకురండి.