బధిరుల గురువులకు పట్టం

ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు చదువు చెప్పదలచిన యువకుడుగాని యువతిగాని ఎంతకాలం చదవవలెను? అమెరికాలోని పలు విశ్వవిద్యాలయాలు ఈ ప్రశ్నకు ఐదేళ్ళని సమాధానం చెబుతున్నవి. నాలుగేళ్ళు బి.ఏ. చదువు, దానికి అతుకుగా ఐదవయేట ఎం.ఏ. లేక ఎం.ఎడ్.; విద్యార్థి ఒకే దారిన ప్రవేశించి రెండు పట్టాలతో బయటికి వస్తాడు. మన దేశంలోనూ బి.ఎడ్., ఎం.ఎడ్. చదువులను కలిపి మూడేళ్ళలో ముగించే పద్ధతికి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలలో చోటిచ్చినది. ప్రత్యేక విద్యలోనూ ఇటువంటి సంయుక్త పాఠ్యక్రమాలు వెలసినవి. పైకి చూడబోతే ఇది విశ్వవిద్యాలయ కార్యాలయంలో గుమాస్తాలు వేసుకొనే లెక్కవలె కనబడును. కాని ఈ పట్టం వెనుక ఒక పాత తగవు ఉన్నది. ఈ పిల్లలకు గురువు కాదగినవారెవరు, కాదగనివారెవరు అన్నదే ఆ తగవు. దాని చరిత్రను బధిరుల విద్యలో చూచినంత స్పష్టంగా మరెక్కడా చూడలేము.

ఈ విద్య మొదట విశ్వవిద్యాలయాలలో పుట్టలేదు. ఒక కుటుంబంలో రహస్యంగా పెరిగినది. థామస్ బ్రెయిడ్‌వుడ్ 1760లో ఎడింబరో నగరంలో బధిర బాలురకు పాఠశాల తెరచినాడు. కలవారి పిల్లలు రుసుము చెల్లించి చదువుకొనేవారు. బోధనా విధానం మాత్రం ఇంటి గడప దాటేది కాదు. మన పల్లెలలో కొందరు పసరు వైద్యులుండేవారు; ఆకు పేరు బయటికి చెబితే గుణం పోతుందని కన్నకొడుక్కు తప్ప మరొకరికి చెప్పేవారు కారు. బ్రెయిడ్‌వుడ్ వంశం వారి ధోరణి కూడ ఇంచుమించు అటువంటిదే.

ఆ రోజులలోనే పారిస్ నగరంలో మరొక మార్గం నడుస్తున్నది. అబ్బే ద లెపే అనే క్రైస్తవ మతాచార్యుడు బీద బధిరులను చేరదీసి, సైగల ద్వారా వారికి ఫ్రెంచి భాష నేర్పినాడు. రుసుము లేదు, రహస్యమూ లేదు. పాఠశాల తలుపులు తెరచి అందరి యెదుట పాఠం చెప్పేవాడు. ఐరోపాలోని ఇతర దేశాలనుంచి వచ్చినవారికి తన విధానం నేర్పి పంపేవాడు. ఉపాధ్యాయ శిక్షణ అనే మాటకు ఈ రంగంలో తొలి అర్థం అక్కడ దొరికిందని నేననుకొంటాను.

ఈ రెండు మార్గాల భేదాన్ని స్వయంగా అనుభవించినవాడు థామస్ హాప్కిన్స్ గాలాడెట్ అనే అమెరికను. 1815లో ఆయన బధిరులకు చదువు చెప్పే విధానం నేర్చుకొని రావడానికి సముద్రం దాటి బ్రిటనుకు వెళ్ళినాడు. అక్కడి పాఠశాలలవారు దీర్ఘకాలం తమ వద్ద సహాయకుడుగా పనిచేయవలెనని, నేర్చినది పరులకు చెప్పరాదని షరతులు పెట్టినారు. గాలాడెట్ ఒప్పుకొనలేదు. పారిస్ వెళ్ళినాడు. లెపే వారసుడైన సికార్ ఆయనను ఆదరించి తన పాఠశాలలో అన్నీ చూడనిచ్చినాడు. అక్కడ లోరాఁ క్లెర్ అనే బధిర ఉపాధ్యాయునితో ఆయనకు పరిచయమైనది. ఇద్దరూ 1816లో ఓడయెక్కి అమెరికా చేరినారు. ప్రయాణం 52 రోజులు పట్టినది. ఆ యాభైరెండు రోజులూ క్లెర్ గాలాడెట్ వద్ద ఇంగ్లీషు నేర్చుకొన్నాడు, గాలాడెట్ క్లెర్ వద్ద సైగల భాష నేర్చుకొన్నాడు. అంతకంటె చక్కని శిక్షణ కళాశాల ఏదైనా ఉండునా అని నాకు అప్పుడప్పుడు తోస్తుంది.

1817లో హార్ట్‌ఫర్డ్ పట్టణంలో వీరు పాఠశాల తెరచినారు. తరువాత ఇతర రాష్ట్రాలలో వెలసిన పాఠశాలలకు ఉపాధ్యాయులు అక్కడి నుంచే తయారైనారు. వారిలో వినికిడి గలవారున్నారు, బధిరులూ ఉన్నారు. క్లెర్ తానే బధిరుడు గనుక, బధిరుడు గురువు కావచ్చునా అనే ప్రశ్న ఎవరికీ తట్టలేదు. 1870 నాటికి అమెరికాలోని బధిర పాఠశాలల ఉపాధ్యాయులలో నూటికి నలభైమందికి పైగా బధిరులే. వారు పనిలో దిగి పని నేర్చుకొన్నవారు. ప్రత్యేకోపాధ్యాయ పట్టమనేది అప్పటికింకా లేదు.

ఇక కథ వాషింగ్టన్ నగరానికి మారుతుంది. థామస్ గాలాడెట్ హార్ట్‌ఫర్డ్‌లో తన వద్దనే చదువుకొన్న సోఫియా ఫౌలర్ అనే బధిర యువతిని పెండ్లాడినాడు. వారి కడగొట్టు కుమారుడు ఎడ్వర్డ్ మైనర్ గాలాడెట్. 1857లో వాషింగ్టనులో బధిరులకు, అంధులకు పాఠశాల యేర్పడినప్పుడు ఇరవైయేళ్ళ ఎడ్వర్డు దానికి అధిపతి అయినాడు. తల్లి అక్కడి పిల్లల ఆలనాపాలనా చూచేది. 1864లో ఆ సంస్థకు పట్టాలు ప్రదానం చేసే అధికారమిస్తూ కాంగ్రెసు చేసిన చట్టంపై అధ్యక్షుడు లింకన్ సంతకం చేసినాడు. అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు. ఆ యుద్ధకాలంలోనే బధిరులకు కళాశాల వెలసినది. 1894లో తండ్రి జ్ఞాపకార్థం దానికి గాలాడెట్ కళాశాల అని పేరు పెట్టినారు.

అంతలో బధిరుల విద్యాలోకంలో గాలి మళ్ళినది. 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన మహాసభ, పాఠశాలలలో సైగలకంటె నోటిమాటకే అగ్రస్థానమివ్వవలెనని దాదాపు ఏకగ్రీవంగా తీర్మానించినది. 164 మంది ప్రతినిధులలో బధిరుడు ఒక్కడే. ఆయన జేమ్స్ డెనిసన్, వాషింగ్టనులో ఎడ్వర్డు పాఠశాలలోనే ప్రధానోపాధ్యాయుడు. పెదవుల కదలికనుబట్టి మాట గ్రహించడం, ఉచ్చారణ నేర్పడం ప్రధానమైన తరువాత బధిర ఉపాధ్యాయులకు గడ్డుకాలం వచ్చినది. వినలేనివాడు ఉచ్చారణ ఎట్లు దిద్దగలడని వాదం. ఈ పక్షానికి అమెరికాలో పెద్ద, టెలిఫోను నిర్మించిన అలెగ్జాండర్ గ్రాహం బెల్.

బెల్, ఎడ్వర్డు గాలాడెట్ బద్ధవిరోధులని తరచు వ్రాస్తారు. వారికి పోలికలు కూడ ఉన్నవి. ఇద్దరి తల్లులూ బధిరులే. బెల్ భార్య మేబెల్ చిన్ననాడే జ్వరంవల్ల వినికిడి కోల్పోయినది. ఆమె మొదట ఆయన శిష్యురాలు. ఇద్దరూ బధిరుల మేలు కోరినవారే. కాని ఎడ్వర్డు సైగలనూ మాటనూ రెంటినీ కలపవలెనన్నాడు. బెల్ సైగలు బధిరులను లోకంనుంచి వేరుచేస్తవన్నాడు.

1890, 91 సంవత్సరాలలో ఎడ్వర్డు ఒక కొత్త ఆలోచన తెచ్చినాడు. కళాశాలలో నార్మల్ తరగతి పెట్టవలెను. (మన పెద్దలు కూడ ఉపాధ్యాయ శిక్షణాలయాన్ని నార్మల్ స్కూలనే పిలిచేవారు.) కాని ఇది మామూలు నార్మల్ స్కూలు కాదు. ఇతర కళాశాలలలో బి.ఏ. పూర్తిచేసిన పట్టభద్రులు ఇక్కడికి వచ్చి ఒక యేడాది బధిర విద్యాబోధన అభ్యసించి ఎం.ఏ. పట్టం పొందుతారు. నాలుగేళ్ళ సామాన్య విద్య, దానిపై ఒక్క యేడు ప్రత్యేక విద్య; నేటి ఐదేళ్ళ మార్గానికి మూలసూత్రం ఇక్కడ ఉన్నది. ఉపాధ్యాయునికి లోకజ్ఞానం ముందు, ప్రత్యేక నైపుణ్యం తరువాత, రెండూ లేనిదే పని సాగదని ఎడ్వర్డు వాదం. బధిరుల గురువు ఆయా కాలేజీల ఆచార్యులకు తీసిపోకూడదని ఆయన పట్టుదల.

దీనికి ప్రభుత్వ ధనం కావలెను. బెల్ కాంగ్రెసు కమిటీ యెదుటికి వెళ్ళి అడ్డుచెప్పినాడు. ఆయన భయమేమంటే, ఆ కళాశాలలో చదివిన బధిరులే ఈ తరగతిలో చేరి గురువులై పోతారని. తన తరగతి వినికిడి గలవారికేనని ఎడ్వర్డు చెప్పుకొన్నాడు. చివరకు కాంగ్రెసు అడిగినంత ధనం ఇవ్వలేదు. ఇచ్చిన కొద్ది మొత్తాన్ని ఉచ్చారణ బోధనకై ఇచ్చినది. ఐనా 1891లో నార్మల్ తరగతి ప్రారంభమైనది.

ఎడ్వర్డు ఆనాడు గెలిచినాడా? తరగతి దక్కినది, తల్లి జాతివారికి ఆ తలుపు మూతపడినది. బధిరులకొరకై వెలసిన కళాశాలలో, బధిరులకు చదువు చెప్పే ఎం.ఏ. చదువుకు బధిర విద్యార్థి అనర్హుడు. ఈ నిషేధం ఆరు దశాబ్దాలకు పైగా సాగినది. 1917 నాటికి అమెరికాలోని బధిర పాఠశాలలలో బధిర ఉపాధ్యాయుల సంఖ్య నూటికి పదిహేనుకు లోపుకు దిగజారినది. ఇందుకు నోటిమాట విధానమే ముఖ్యకారణం, సందేహం లేదు. పట్టానిది రెండవ స్థానం. కాని పట్టం మరొక పని చేసినది. నార్మల్ తరగతిలో ఉత్తీర్ణులైనవారు ఉపాధ్యాయులుగా మాత్రమే మిగిలిపోలేదు, పాఠశాలల అధిపతులైనారు. గాలాడెట్ కళాశాలకు ఎడ్వర్డు తరువాత 1910లో అధ్యక్షుడైన పెర్సివల్ హాల్ ఆ తరగతిలో తేలినవాడే. 1945లో అధ్యక్షుడైన లెనార్డ్ ఎల్స్‌టాడ్ కూడ అంతే. గురువు కావడానికి వేసిన మెట్టు అధికారపీఠానికి మెట్టు అయినది. ఆ మెట్టు ఎక్కనివారు ఆ పీఠానికి దూరమైనారు. 1988 మార్చిలో విద్యార్థులు కళాశాల గేట్లు మూసి, మాకు బధిరుడే అధ్యక్షుడు కావలెనని పట్టుబట్టి, కింగ్ జోర్డాన్‌ను సాధించుకొన్నారు. సంస్థకు కళాశాల హోదా వచ్చి అప్పటికి 124 ఏళ్ళు.

ఈ నార్మల్ తరగతికి మన దేశంతోనూ సంబంధమున్నది. 1893లో కలకత్తాలో మూగ, బధిర పాఠశాల స్థాపించినవారిలో ఒకరైన జామినీనాథ్ బెనర్జీ ఆ దశాబ్దపు మధ్యకాలంలో మొదట ఇంగ్లండు, తరువాత అమెరికా వెళ్ళి, గాలాడెట్ కళాశాలలో శిక్షణ పొంది తిరిగివచ్చినాడు. ఆ తరువాత కలకత్తా పాఠశాలయే ఇతర ప్రాంతాల ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. హార్ట్‌ఫర్డ్ కథే గంగాతీరంలో మళ్ళీ నడిచిందన్నమాట.

బధిరులు కాని ఇతర పిల్లల సంగతి వేరు. మందబుద్ధులని లోకం పక్కకు నెట్టిన పిల్లలకై 1899లో న్యూయార్కులో ఎలిజబెత్ ఫారెల్ అనే ఉపాధ్యాయిని ఒక ప్రత్యేక తరగతి నడిపినది. 1922లో ఆమె కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో తోటివారితో కలిసి ప్రత్యేక విద్యోపాధ్యాయుల సంఘం స్థాపించినది. ఐనా విశ్వవిద్యాలయాలు ఈ విద్యను నెత్తిన పెట్టుకొన్నది ప్రభుత్వం డబ్బిచ్చిన తరువాతనే. 1958లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టం, బుద్ధిమాంద్యం గల పిల్లల గురువులకు గురువులను తయారుచేయడానికి ఏటా పదిలక్షల డాలర్ల వరకు కేటాయించినది. 1963లో ఆ సహాయం ఇతర లోపాలు గల పిల్లల ఉపాధ్యాయులకూ విస్తరించినది.

1975 నవంబరులో మరొక చట్టం వచ్చినది. ఏ లోపమున్న పిల్లవానికైనా ఉచితంగా తగిన విద్య చెప్పి తీరవలెనన్నది. ఒక్కసారిగా వేలకు వేలు గురువులు కావలసివచ్చినారు. పిల్లలు తరగతి గదిలో కూర్చున్నారు. గురువు ఇంకా కళాశాలలో ఉన్నాడు. ఇటు శిక్షణ నిడివి తగ్గించి త్వరగా పంపమన్న ఒత్తిడి, అటు అరకొర శిక్షణ ఈ పిల్లలకు మోసమన్న వాదం. ఈ రెంటి నడుమ రాజీగా వచ్చినదే సంయుక్త మార్గం. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం 1974లోనే ఉపాధ్యాయ శిక్షణకు ఐదేళ్ళ పద్ధతి ప్రవేశపెట్టినది. 1986లో హోమ్స్ బృందమనే విద్యాచార్యుల సంఘం ఉపాధ్యాయ విద్య బి.ఏ. మీద నిలబడవలెనని చెప్పిన తరువాత ఈ పద్ధతికి ఆదరణ పెరిగినది. మూడవ, నాలుగవ యేళ్ళలో చదివిన కొన్ని పాఠాలు ఎం.ఏ. లెక్కలోకీ వస్తవి, ఏడాది ఖర్చు తగ్గుతుంది. నా అభిప్రాయంలో దీని మంచిచెడ్డలు ఐదవయేట విద్యార్థి ఎన్నాళ్ళు పిల్లలమధ్య గడిపినాడన్న దానిమీదనే ఆధారపడి ఉన్నవి. ఆ యేడంతా గ్రంథాలయంలో గడిచినట్లయితే రెండు పట్టాలూ ఒక పట్టం పెట్టు చేయవు.

మన దేశంలో 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ఈ వృత్తికి పట్టిక యేర్పరచినది. పట్టికలో పేరు లేనివారు ఈ వృత్తి చేసినట్లయితే ఏడాది వరకు జైలుగాని, వెయ్యి రూపాయల వరకు జుల్మానాగాని, రెండూగాని విధించవచ్చును. 1984లో సికింద్రాబాదులో వెలసిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ మన ప్రాంతంలో ఈ గురువుల శిక్షణకు కేంద్రమైనది. 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులలో పదిమంది ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ఒక గురువు, ఆపై తరగతులలో పదిహేనుమందికి ఒక గురువు ఉండవలెనని చెప్పినది.

2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం యేర్పడినది. అక్కడ సంజ్ఞాభాష బోధించే గురువులను తయారుచేసే డిప్లొమా ఒకటి ఉన్నది. దానిలో ప్రవేశం బధిరులకే.