పాత ల్యాప్‌టాప్ – క్రొత్త ప్రాసెసర్

బావి మోటారు కాలిపోయినచో రైతు దానిని పారవేయడు. తీగ చుట్టించి మరల వాడుకొనును. గణకయంత్రముల విషయమున గూడ ఇట్టి అవకాశము ఒకప్పుడు ఉండెడిది. యంత్రము మందగించినప్పుడు దాని మెదడు వంటిదగు ప్రాసెసరును ఊడదీసి, అంతకంటె వేగము గలదానిని అమర్చుకొనుచుండిరి. ల్యాప్‌టాపులలో ఈ వీలు ఎట్లు కలిగెను? ఎట్లు పోయెను? ఈ చరిత్ర తెలిసినచో, పాత యంత్రముమీద ధనము వెచ్చింపవలెనా, మానవలెనా అను సందేహము చాలవరకు తీరును.

ఇంటెల్ సంస్థ 1971లో వెలువరించిన 4004 అను చిప్పులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండెను. 1981 నాటి ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో, లెక్కలకు తోడ్పడు 8087 చిప్పును తరువాత అమర్చుకొనుటకై ఒక ఖాళీ సాకెట్టును విడిచిరి. 1992లో 486 యంత్రములు గలవారికొరకు ‘ఓవర్‌డ్రైవ్’ ప్రాసెసర్లు అంగడికి వచ్చెను. కాని ఇవి ముఖ్యముగా బల్లమీది యంత్రములకు చెందిన సదుపాయములు.

ల్యాప్‌టాపుల కొరకు 1997లో ఇంటెల్ ప్రాసెసరును ఒక చిన్న పలకపై బిగించి, ఆ పలకనే మదర్‌బోర్డుకు తగిలించు పద్ధతిని తెచ్చెను. తరువాత సూదులవంటి కాళ్లు గల ప్రాసెసర్లు, వాటికి తగిన సాకెట్లు వ్యాపించెను. 2006 ఈ కథలో ముఖ్యమైన సంవత్సరము. ఆ జనవరిలో వచ్చిన ‘కోర్ డుయో’ 32 బిట్ల ప్రాసెసరు. కొద్ది నెలలకే వచ్చిన ‘కోర్ 2 డుయో’ 64 బిట్లది. రెండింటికిని ‘సాకెట్ ఎం’ సరిపోయెను. అందుచే థింక్‌ప్యాడ్ టి60 వంటి ల్యాప్‌టాపులు గలవారు బయోసును సరిక్రొత్తదిగా మార్చుకొని, పాతదాని స్థానమున క్రొత్తదానిని పెట్టుకొనగలిగిరి. అయినను చిక్కు పూర్తిగా తీరలేదు. ప్రాసెసరు 64 బిట్లదైనను, దానిప్రక్కనున్న 945 చిప్‌సెట్ సుమారు 3 గిగాబైట్లకు మించిన మెమరీని వాడుకొననీయలేదు. మెదడు మారినను నరములు పాతవే కదా!

2007లో ‘సాకెట్ పి’ వచ్చెను. దీనికిని 478 కాళ్లే. కాని వాటి అమరిక వేరు. ‘సాకెట్ ఎం’ ప్రాసెసరు ఇందులో ఇమడదు. కాళ్ల సంఖ్య కలిసినంతమాత్రమున చాలదన్నమాట. సాకెట్టు సరిపోవలెను, చిప్‌సెట్టును బయోసును దానిని గుర్తింపవలెను, పుట్టిన వేడిని పంకా బయటికి పంపగలుగవలెను. కోర్ 2 డుయోలో టి శ్రేణికి సుమారు 35 వాట్లు కాగా, 2008లో వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ9100కు 45 వాట్లు. చిన్న పంకా గల యంత్రమున ఇట్టి ప్రాసెసరును పెట్టినచో, వేడెక్కి తన వేగమును తానే తగ్గించుకొనును. పెట్టిన ఖర్చు వృథా యగును.

ఇంతలో పలుచని యంత్రములపై మోజు పెరిగెను. 2008 నాటి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ప్రాసెసరును టంకముతో మదర్‌బోర్డుకే అతికించిరి. సాకెట్టు లేనిచో మందము తగ్గును, తయారీ సులభమగును. 2013లో వచ్చిన నాలుగవ తరపు కోర్ ప్రాసెసర్లతో ఇంటెల్ ల్యాప్‌టాప్ సాకెట్ల చరిత్ర ముగిసెను.

మరి సాకెట్టు ఉన్న యంత్రమునకైనను ప్రాసెసరు మార్చుటయే మందా? దీనికి సమాధానము 1967లోనే జీన్ ఆమ్‌డాల్ అను శాస్త్రజ్ఞుని వాదములో దొరకును. పనిలో ఒక భాగమును మాత్రమే వేగిరపరచినచో, మిగిలిన భాగము మొత్తము వేగమునకు హద్దు గీయును. ఒక పనికి 100 సెకనులు పట్టుచున్నదనుకొందము. అందులో ప్రాసెసరు పని 30 సెకనులు, డిస్కు కొరకు నిరీక్షణ 70 సెకనులు. ప్రాసెసరు వేగమును రెట్టింపు చేసినను కాలము 85 సెకనులకే తగ్గును. నిమిషమునకు 5,400 మారులు తిరుగు డిస్కులో, కావలసిన చోటు తిరిగి వచ్చుటకే సగటున 5.6 మిల్లీసెకనులు పట్టును. తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి.కి ఈ నిరీక్షణ లేదు.

మరియొక హద్దు సాఫ్ట్‌వేరుది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసెను. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరమునకు ముందరి వాటిని దాదాపుగా అంగీకరింపదు. ల్యాప్‌టాప్ సాకెట్లు నాలుగవ తరముతోనే ఆగిపోయినవి గనుక, ప్రాసెసరు మార్చి ఈ గట్టు దాటుట అసాధ్యము. అట్టి యంత్రములకు లినక్స్ ఒక దారి.

కావున మొదట ఎస్.ఎస్.డి., పిదప మెమరీ. ఈ రెండింటి తరువాతనే ప్రాసెసరు మాట. వీడియోల మార్పిడివంటి, ప్రాసెసరును ఎడతెగక వాడు పనులున్నచో, అదే సాకెట్టుకు తగిన పాత ప్రాసెసరు చవుకగా దొరికినచో, దానిని మార్చుటలో అర్థము కలదు. ఏ భాగము పనిని ఆపుచున్నదో కనుగొనిన పిదపనే చేయి జేబులోనికి పోవలెను.